అద్దె పాట

కందుకూరు బస్టాండు వెనక
మీరావలి మైక్‌సెట్ అంటే మాదే.
మైకు అద్దెకిస్తాం, జనరేటర్ అద్దెకిస్తాం,
కావాలంటే పాట కూడా.
పాటంటే పెంచలమ్మ.

పగలంతా రొయ్యల ఫ్యాక్టరీలో
తలలు తుంచి పొట్టు వలుస్తుంది.
మంచులో నానిన ఆ వేళ్ళు
రాత్రికి మైకు పట్టుకుంటే
ఇనప కడ్డీకి కూడా చలి పుడుతుంది.

ఆమెకు సొంత పాటంటూ లేదు.
రాసిందెవరో, బాణీ కట్టిందెవరో,
మదరాసులో అద్దాల గదిలో నిలబడి
మొదట పాడిందెవరో.
అందరి చేతులూ దాటి
మా పెళ్ళిళ్ళ దాకా వచ్చేసరికి
వెయ్యి నోళ్ళ ఎంగిలి.

"మరి నీకేం మిగిలిందమ్మే ఇందులో?"
కేబుల్ చుట్టుకుంటా అడిగా ఒకసారి.
"ఊపిరి" అంది.
"వాళ్ళు పీల్చుకున్న కాడే
నేనూ పీల్చుకోవాలని
యాడన్నా రాసుందా అన్నా?"

నాకప్పుడు అర్థం కాలా.
నాకు తెలిసిందల్లా బాసు, ట్రెబులు,
స్పీకరు కుయ్యిమనకుండా చూసుకోటం,
గొంతు సన్నబడితే కాస్త ఎకో కలపటం.

ఆ ఎండాకాలం ఉలవపాడు దాపున ఒక తోటలో దినం.
మామిడంట్లు కట్టే మాలకొండయ్య పోయాడు.
తత్వాలు అయిపోయినాయి.
విస్తళ్ళు వేస్తా ఉండగా
ఆయన భార్య ఆదెమ్మ వచ్చి
స్టేజి కాడ నిలబడింది.
"ట్రాక్టరు తోల్తా ఆయన పాడుకునే పాటొకటుంది.
సినిమాదే. పాడతావా అమ్మీ?"

చుట్టాలు మొహాలు చూసుకున్నారు.
గడుసు పాట అది.
గట్టు మీద పోయేవాడి కండువా పట్టుకుని
పిల్ల నవ్వుతా లాగే పాట.
పెళ్ళిళ్ళలో ఆ పాటకి
తాగిన కుర్రాళ్ళు కుర్చీలెక్కుతారు.

కీబోర్డు పిల్లోడు దరువు నొక్కబోయాడు.
పెంచలమ్మ చెయ్యెత్తింది, వద్దని.

"ఆగవయ్యా..."
అని,
ఆగింది.

రికార్డులో ఆ చోట వేణువు వస్తుంది.
ఆమె అక్కడ ఏమీ పెట్టలా.
జనరేటరు మోత ఒకటే.
వంటాయన గరిటె పట్టుకునే
పొయ్యి కాడి నుంచి ఇవతలకొచ్చాడు.

"అంత తొందరేల?"
మాట అదే. అక్షరం మారలా.
ఎప్పుడూ ఎగిరి ఈల మీద విరిగే ఆ "ఏల"
ఈసారి మెల్లగా కిందికి దిగి,
దండ వేసిన ఫోటో ముందు
చాపేసుకుని కూర్చుంది.

ఆదెమ్మ ఏడుస్తుందనుకున్నాం.
ఏడవలా.
కొంగు నడుముకి దోపుకుని
మొగుడి మీద పంచాయితీకి వచ్చినట్టు నిలబడి,
"అదీ! అట్టా అడుగమ్మీ.
ఇంకోసారి అడుగు" అంది.

ఇంకోసారి అడిగింది పెంచలమ్మ.
ఈసారి కోపంగా.
మళ్ళీ అడిగింది,
పక్కలో పడుకున్న మనిషిని లేపినట్టు,
పిల్లకాయలకి వినపడకుండా.
నాలుగోసారి సగమే పాడింది.
మిగతా సగం ఆదెమ్మ పెదాలు పూర్తి చేశాయి,
చప్పుడు లేకుండా.

ఎకో మీదున్న నా చెయ్యి
దాన్ని మొత్తం తిప్పేసింది, సున్నాకి.
మా నాయన ఆంప్లిఫయరు అప్పగించిన నాటి నుంచి
అట్టా ఎప్పుడూ చెయ్యలా.

తిరుగుదారిలో, వ్యానులో,
స్పీకర్ల మధ్య ఇరుక్కుని
పెంచలమ్మ డబ్బులు లెక్కపెట్టుకుంది.
యాభై తగ్గిందని నాతో పోట్లాడింది.
తర్వాత ఆదెమ్మ ఇచ్చిన మామిడికాయ
పళ్ళతోనే తొక్క లాగి తినింది.
మాలకొండయ్య చేతి అంటంట.
మొదలు ఏ చెట్టుదో, కొమ్మ ఏ ఊరిదో
టెంక చీకేదాకా మాట్లాడలా.

మొన్న సింగరాయకొండ స్టేషను కాడ
టీ కొట్టు రేడియోలో
అసలు పాట వచ్చింది.
వయొలిన్లు, వేణువు,
మచ్చలేని గొంతు.
గ్లాసు చేతిలోనే పెట్టుకుని విన్నా.

బాగానే పాడిందామె.
కాకపోతే,
ఆగవయ్యా అనింది గానీ
తాను మటుకు ఆగకుండా పోయింది.